కటింగు మాస్టారి పూలగుత్తి

ఆ ఉదయం కటింగు మాస్టారి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. కూతురు కళ్ళద్దాల షాపు తెరిచే రోజు మరి. పూలషాపుకి చెబుదామని అల్లుడంటే, ఆ పిల్ల అడ్డుపడి, "కౌంటరు మీదకి మా నాన్న తోటలో పూలే" అనేసింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి మాస్టారు భూమ్మీద లేరు. అయితే దాని వెనకాలే ఇంకో మాటా అంది. తొమ్మిదింటికి వచ్చి చూస్తుందట, నచ్చకపోతే మొహమాటపడకుండా పూలషాపుకే ఫోన్ చేస్తుందట. అచ్చం తండ్రి పోలికే.

తెల్లవారుతూనే పెరట్లోకి దిగి తెల్ల చామంతులు, ఎర్ర గులాబీలు, క్రోటన్ కొమ్మలు బకెట్టు నిండా కోసుకొచ్చారు. కాడల చివర్లు ఏటవాలుగా కోశారు, నీళ్ళలో మునిగే ఆకులు దూసేశారు. అంతవరకూ భేషుగ్గా ఉంది. గాజు కూజాలో సర్దాకే మొదలైంది అసలు తంటా. ఒక రెమ్మ పొడుగ్గా కనబడితే కత్తిరించారు. దాంతో పక్కది పొడుగైంది. దాన్నీ కత్తిరించారు. ఏళ్ళ తరబడి జనం తలలు సమం చేసిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకుంటుందా? కూజా చుట్టూ తిరుగుతూ, చెవుల పక్కన సర్దినట్టు రెండు వైపులా సర్ది, ఆఖరికి బ్రష్షుతో కూజా మెడ కూడా దులిపారు.

టీ పట్టుకొచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమండీ, ఇది పూలగుత్తా, బడికెళ్ళే పిల్లాడి తలా?"

మాస్టారు వెనక్కి జరిగి చూశారు. నిజమే, పాపిడి ఒక్కటే తక్కువ. నవ్వొచ్చింది, ఆ వెంటనే గడియారం వంక చూశారు. కూతురు వచ్చే వేళయింది.

"ఇదిగో, ఈ కత్తెర నీ దగ్గరుంచుకో. నేనడిగినా ఇవ్వకు" అన్నారు.

పెరట్లో చామంతులు అయిపోయాయి. గోడెక్కిన తీగ గులాబీ మాత్రం ఒళ్ళంతా పూసి ఉంది. భార్య మూరెడు పొడుగున కొమ్మలు కోసి అందిస్తుంటే మాస్టారు కూజాలో గుచ్చారు. ఒకటి పైకి లేచింది, ఒకటి పక్కకి వాలింది, ఇంకోటి బల్ల అంచు దాటి కిందికి వేలాడింది. దాన్ని చూస్తే చేతులు ఒకటే దురద. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, పళ్ళు బిగబట్టి నిలబడ్డారు.

"పొడుగు కొమ్మల్ని పొడుగ్గానే ఉండనివ్వండి. అవేం మీ గిరాకీలు కావు" అంది భార్య.

అంతలో కూతురు రానే వచ్చింది. కూజా ముందు నిలబడి అలాగే చూసింది. ఫోన్ తీసి వరండాలోకి నడిచింది. అయిపోయింది, పూలషాపుకే, అనుకున్నారు మాస్టారు. వద్దనుకుంటూనే చెవులు అటే వేశారు.

"ఏమండీ, ఆ మూల కౌంటరు మీద ఇది ఇమడదు. పెద్ద బల్ల ఖాళీ చేయించి గుమ్మానికి ఎదురుగా వేయించండి. ఎందుకేంటి? వచ్చినవాళ్ళు ముందు మా నాన్న పూలు చూడాలి, ఆ తర్వాతే కళ్ళద్దాలు."

కూతురు లోపలికి వచ్చేసరికి మాస్టారు చెప్పులు వేసుకుని, కూజా పొట్టకి హత్తుకుని గుమ్మంలో ఉన్నారు.

"నేను వెనక సీట్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటా. కారు మెల్లగా పోనియ్యమ్మా" అన్నారు.