కంపైలర్ సపోర్ట్ చేస్తలేడు

ఆ రోజుల్లో నాకు దుఃఖమంటే ఏమిటో తెలియదు. బీటెక్ అయిపోయింది కాబట్టి త్వరలోనే తెలుస్తుందన్న అనుమానం మాత్రం ఉండేది. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు పక్క సందులో, ఎండ తొంగిచూడని ఒక మోటార్ వైండింగ్ దుకాణంలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. యజమానిని అందరూ స్టార్టర్ భాయ్ అనేవారు. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టడం వాళ్ల తాత నాటి పని. భాయ్ ఒక్కడే ఇంకొంచెం ముందుకుపోయి, రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే పొలంలో బోరు మోటార్ నడిచే డబ్బాలు తయారుచేసేవాడు. (ఆ డబ్బాలోని చిప్పుకు ప్రోగ్రాం రాసేది నేను. విజిటింగ్ కార్డు మీద నా హోదా చీఫ్ ఇంజినీర్. దుకాణంలో ఇంకో ఇంజినీర్ లేడు కాబట్టి ఎవరూ అభ్యంతరపెట్టలేదు.)

ఆ ఏడు మేం వాడే చిప్పు బజారులో దొరకడం ఆగిపోయింది. దాని తమ్ముడేనని నమ్మబలికి, హైదరాబాద్ వ్యాపారి ఒకడు కొత్తరకం చిప్పులు పెట్టెడు అంటగట్టాడు. కోటగిరి వైపు చెరకు రైతులేమో, ఎండలు ముదిరేలోపు డబ్బాలు ఇవ్వకపోతే నాందేడ్ నుంచి వచ్చే కంపెనీ డబ్బాలు కొనుక్కుంటామని మొహం మీదే చెప్పారు. అదే జరిగితే మా దుకాణం మూతే. నేను ప్రోగ్రాం కంపైలర్‌కు ఇచ్చాను. (మనం రాసింది చిప్పుకు అర్థమయ్యేలా మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్ అది.) ఈ చిప్పెవరో నేనెరగనని అది తేల్చేసింది. పోయి భాయ్‌తో, కంపైలర్ సపోర్ట్ చేస్తలేదు అన్నాను.

భాయ్ చేతిలోని కటింగ్ ప్లేయర్ కింద పెట్టాడు. సపోర్ట్ అనే మాట మా జిల్లాలో సర్పంచ్ ఎన్నికలప్పుడే ఎక్కువ వినపడుతుంది.

"ఎందుకు చేస్తలేడు? మనమేం జేసినం వానికి?"

పొద్దుగూకేసరికి కంపైలర్ అనే పెద్దమనిషి ఒకడు మాకు అడ్డం పడుతున్నాడని సందంతా తెలిసిపోయింది. కోటగిరి నుంచి వచ్చిన బాపు (మోకాళ్ల నొప్పులతో పొలం దాకా నడవలేక అందరికంటే ముందు డబ్బా చెప్పిన ముసలాయన), హైదరాబాద్‌లో తన బామ్మర్ది కొడుక్కి పెద్దవాళ్లతో పరిచయాలున్నాయి, ఒక మాట చెప్పించమంటారా అని గుసగుసగా అడిగాడు. అది మనిషి కాదనీ, రకరకాల దేశాలవాళ్లు చాలామంది ఊరికే, జీతం లేకుండా రాసే సాఫ్ట్‌వేర్ అనీ విడమరచి చెప్పాను. బాపు నమ్మలేదు. భాయ్ మాత్రం మెత్తబడ్డాడు. "జీతం లేకుంట చేసేటోళ్లను తొందరపెట్టొద్దు బేటా. ఇజ్జత్‌తోని అడుగు" అన్నాడు.

ఇజ్జత్‌తోనే అడిగాను. కావలసినవాళ్లే రాసుకుని పంపండి, అతుకులకు (వాళ్ల భాషలో ప్యాచ్‌లకు) స్వాగతం అని జవాబు వచ్చింది. అతుకులనగానే భాయ్ మొహం వెలిగింది. అది మనకు రాని పనా అన్నాడు. నేను కంపైలర్‌లో మా పాత చిప్పు, అంటే అన్న గురించి రాసి ఉన్నదంతా తమ్ముడి పేరు మీదికి దించి, అక్కడక్కడా మార్చి అతుకు వేశాను. కంపైలర్ నోరెత్తలేదు. బల్ల మీద కొత్త చిప్పుకు తగిలించిన చిన్న ఎర్రలైటు మిణుకుమంది. మిణుకుమనే లైటు పండగ చేసుకోవలసిన సంగతేమీ కాదు. అయినా భాయ్ ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు, నేనూ తిన్నాను.

మొదటి డబ్బా బాపు పొలంలోనే పెట్టాం. ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఫోన్ చేశాడు, మోటార్ నడిచింది. ఆపడానికి మళ్లీ చేశాడు; ఆగలేదు. ఎన్నిసార్లు చేసినా ఆగలేదు. నేనూ భాయ్ చెరకులో పడి ఉరికి ఫ్యూజు పీకేసరికి, నీళ్లు గట్టు దాటి, పక్క రైతు ఉడకబెట్టి ఆరబోసిన పసుపులోకి పోయాయి. కళ్లమంతా నలుగు పెట్టిన పెళ్లికూతురిలా ఉంది. పక్క రైతు నవ్వే స్థితిలో లేడు కాబట్టి ఈ ఉపమానం నాలోనే దాచుకున్నాను. బాపు కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి చూశాడు.

"నీళ్లు ఇడువుమన్న గని బిడ్డా, మంజీరనంత తెమ్మన్ననా?"

సంగతేమిటంటే, మోటార్ నడిపే తలుపు అన్నదమ్ములిద్దరికీ ఒకచోటే గానీ, ఆపే తలుపు అన్న ఇంట్లో ఒక చోట, తమ్ముడి ఇంట్లో ఇంకో చోట. నా అతుకులో అన్న చిరునామాయే ఉండిపోయింది. ఆపమన్న కబురు పోయి ఖాళీ గోడకు తగులుతోంది. తర్వాత సరిచేశాను గానీ, అంతకుముందే పసుపు కథ కోటగిరి దాటిపోయింది. రైతులు నాందేడ్ డబ్బాలు కొన్నారు. వానలు పడకముందే భాయ్ బోర్డు దించేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి. ఆ సౌకర్యం కూడా లేకుండా చేశాడు.

"సరిచేసిన అతుకు వాళ్లకు పంపినవా?" అని మాత్రం అడిగాడు.

ఇంకెందుకన్నాను.

"మనకు గాకుంటె ఇంకొకనికన్న మోటర్ ఆగుతది గద."

పంపాను. జీతం లేని ఆ మహానుభావులు నేను ప్రోగ్రాం వరసల ముందు ఖాళీలు వదిలిన పద్ధతి మీద చాన్నాళ్లు వాదించుకున్నారు. ఈలోగా నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. ఒకరోజు కంపైలర్ కొత్త వెర్షన్ వచ్చింది; ఆ చిప్పుల కుటుంబం మొత్తానికీ ఇకనుంచి సపోర్ట్ ఉంటుందని అందులో ఉంది.

ఆ ఆదివారమే నిజామాబాద్ పోయాను. భాయ్ ఇప్పుడు తన బావమరిది దుకాణంలో, వెనక గదిలో తీగ చుడుతున్నాడు. కంపైలర్ సపోర్ట్ చేసిండు భాయ్ అన్నాను. (అప్పటికి నాకు కూడా వాడు మనిషైపోయాడు.) భాయ్ చెయ్యి ఆపలేదు. చుట్టు పూర్తయ్యాక తలెత్తి,

"చేసిండు గని, ఎలక్షన్ అయిపోయినంక చేసిండు" అన్నాడు.

దాని మీద ఒక జోకు వేద్దామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే వేసేశాడు. చాయ్ తాగి, కాసేపు తీగ కొస పట్టుకుని కూర్చున్నాను.