ఎడమ పక్క సీటు

పోయిన వారం పత్తికొండ టమోటా మార్కెట్ ముందు నేను చూసినదాన్ని మొదట చెబుతాను, ఎందుకంటే అందులో సందేహానికి తావు లేదు. లారీలు, ప్లాస్టిక్ క్రేట్లు, కాళ్ళకింద నలిగి ఎర్రటి బురదగా మారిన టమోటాలు, వాటి మధ్య రెండే సీట్లున్న ఒక పొట్టి విదేశీ కారు ఆగి ఉంది. దాని రంగు నీలం. నేనెరిగిన కారు ఎరుపు. రంగు మార్చడం ఎవరికైనా సాధ్యమే కనుక దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, అద్దానికి అరచేతులు ఆనించి లోపలికి చూశాను. సీట్లకు కడప రాయి నలుపులో నూలు గుడ్డ తొడిగి ఉంది, దానికి మిరపపండు ఎరుపు అంచు. ఎడమ సీటు భుజం దగ్గర ఆ అంచులో రెండు పోగులు తప్పి, కొంత దూరం పోయాక మళ్ళీ కలిశాయి. ఆ తప్పు నేసింది మా బావ. ఆయన జీవితంలో సరిదిద్దకుండా వదిలేసిన తప్పు అదొక్కటేనని మా అక్క అంటుంది. అది వినికిడి. పోగులు తప్పిన గుర్తు మాత్రం నా కళ్ళ ముందుంది. ఆ కారును ముక్కలు చేసి ఉండాలి.

నేను కర్నూలులో భూసార పరీక్షా కేంద్రంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. తాతల కాలం నుంచి బంగారం పండుతున్న నేల అని రైతు ఎంత చెప్పినా, అతను సంచిలో తెచ్చిన మట్టిని గాజు గొట్టంలో వేసి చూశాకే సంతకం పెట్టేవాణ్ణి. ఆ అలవాటు చొప్పున ఈ కారు విషయంలోనూ రూఢి అయినదాన్ని, చెప్పగా విన్నదాన్ని వేరు చేస్తాను. జమ్మలమడుగులో ఉండే మా అక్క కొడుకు రెండేళ్ళ కిందటి వేసవిలో దాన్ని బెంగళూరులోని ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర కొన్నాడు. కాగితాల ప్రకారం అతను మూడో యజమాని. ఇంతవరకు రూఢి. ఇక విన్నవి: అది ఒక సినిమా నటుడిదని, చెన్నైలో పందేలకు పరుగెత్తిందని, మా వైపు ఒక పెద్దమనిషి కొడుకు కొన్నా, ముందొక జీపు వెనకొక జీపు లేకుండా తండ్రి గడప దాటనివ్వలేదని, పాపం మూడో గేరు కూడా వేయకుండానే అమ్మేశాడని. "నీకు ముందు ఇద్దరే కదరా యజమానులు, కథలు మూడెట్లా అయినాయి?" అని అడిగాను. "అయితే ఒగటి అబద్ధం లే మామా. యాది తీసేయాల్నో నువ్వే చెప్పు," అన్నాడు మేనల్లుడు, నవ్వుతూ.

అతనికి అప్పటికి చీరల వ్యాపారం బాగానే సాగుతోంది. ఆ కారు అతనికి అవసరమేమీ కాదు; చిన్నప్పటి నుంచీ గోడకు అంటించుకున్న బొమ్మ, అంతే. మగ్గాల వీధిలోకి అది వచ్చిన రోజు వీధంతా గుమ్మాల్లో నిలబడింది. కారు నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటుంది. ఆ వీధి స్పీడ్ బ్రేకరు అంతకంటే ఎత్తుగా ఉంటుంది. అతను దాన్ని ఏటవాలుగా తిప్పి ఒక్కొక్క చక్రాన్నే ఎక్కిస్తుంటే, "ఎత్తి పెడ్తాం తియ్యప్పా, మాకేం బరువా!" అని ఎదురింటివాళ్ళు కేకలు వేశారు. వ్యాపారి చెప్పిన గొప్పలన్నీ అతను మాకు అప్పజెప్పాడు. వాటిలో ముఖ్యమైనది, అది ఎండప్రాంతంలో తిరిగిన బండి గనుక దానికి తుప్పన్నదే తెలియదని. మేమూ మాకు తెలిసినంతలో పరీక్షించాం. ఎండకు డ్యాష్ బోర్డు పగిలిందా, రేడియేటరు ఉడికిందా, గాలి వడపోతలో దుమ్ము ఎంత ఉంది, ఇవన్నీ చూశాం. నీళ్ళలో మునిగిందా అని మాత్రం ఎవరమూ అడగలేదు. తాగునీటి ట్యాంకరు కోసం బిందెలు వరసగా పెట్టి కాచుకునే వీధిలో ఆ ప్రశ్న ఎవరికి తోస్తుంది?

కొన్నాక దాన్ని తనది చేసుకోవాలన్నది మేనల్లుడి పట్టుదల. పెద్ద ఊళ్ళల్లో తోలు సీట్లు కుట్టిస్తారు, ఇతనికి నాన్న నేసిన గుడ్డే కావాలి. బావ మొదట కోప్పడ్డాడు. "కట్టుకునేదానికి నేస్తాం గానీ, పిర్రల కింద ఏసుకునేదానికి ఎవురన్నా నేస్తారా?" అన్నాడు. మర్నాడే సీటు కొలతలు తీసుకుని మగ్గం గుంటలో దిగాడు. మా మేనకోడలు, అంటే ఆ కుర్రవాడి చెల్లెలు, రాయచోటిలో కళాశాల అధ్యాపకురాలు. వేసవి సెలవులకు ఇంటికి వచ్చింది. గుడ్డ నలుపు ఆమె ఎంచింది, ఎరుపు అంచు మా అక్క ఎంచింది. కళాశాల తెరిచే ముందటి ఆదివారం అన్న ఆమెను ఆ కారులో, ఎడమ పక్క కూర్చోబెట్టుకుని, గువ్వలచెరువు ఘాట్ మీదుగా రాయచోటిలో దింపాలని ఒప్పందం. ఆ ఘాట్ మలుపులు తెలిసినవారికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దిగేటప్పుడు బ్రేకు మీది నమ్మకమే మనిషిని దింపుతుంది.

ఆ ఆదివారానికి కొద్ది రోజుల ముందు తొలకరి వాన పడింది. మా సీమలో మొదటి వానకు నేల నుంచి లేచే వాసనకోసం పనులు ఆపి బయట నిలబడతాం. నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మగ్గం చప్పుడు వినిపిస్తోంది. కారు తలుపు తెరిచి అందులో కుంకుమ భరిణె పెట్టబోయిన మా అక్క ఒక్కసారిగా వెనక్కి వచ్చి కేక వేసింది. మగ్గం ఆగింది. అంచులో ఆ రెండు పోగులు తప్పింది అప్పుడే. "దీంట్లో ఏందో వాసనరా," అంది అక్క నాతో. "మన బాయిలో దూడ పడి, తీసినప్పుడు వచ్చింది చూడు, అదే." వాసన సాక్ష్యం కాదని చెప్పాను. అయినా ముక్కు పెట్టి చూశాను. చెరువు అడుగున బురద ఎండి మళ్ళీ తడిస్తే వచ్చే వాసన అది. అద్దాలన్నీ లోపలి వైపు నుంచి ఆవిరి పట్టి తెల్లబడ్డాయి. వాన చినుకు ఒక్కటి కూడా లోపల పడలేదు. అయితే ఆ తేమ ఎక్కడిది? మర్నాడు ఎండ కాసింది, వాసన పోయింది. "చూసినావా, ఏమీ లేదు," అన్నాడు మేనల్లుడు. ఎండ కాస్తే మాయమయ్యే లోపం లోపం కాదని అతని వాదన. నాకు మాత్రం ఆ కారు పొడిగాలిలో నోరు మూసుకుని కూర్చుని, తడి తగిలితే మాట్లాడుతున్నట్లు అనిపించింది. ఇటువంటి ఊహలను నేను సాధారణంగా కాగితం మీద పెట్టను.

గుడ్డ పూర్తయ్యాక, తొడగడానికి సీట్లు ఊడదీశాం. వాటిని వసారాలోకి తెచ్చి బావ, మేనల్లుడు గుడ్డ తొడుగుతుంటే, నేను సీట్లు లేని కారులోకి వంగి కింద పరిచిన తివాచీ ఎత్తాను. అడుగున పెచ్చులు కట్టిన మట్టి ఉంది. మా నల్లరేగడి కాదు, ఎర్రమట్టి కాదు. పెన్న ఒండ్రు కావచ్చునని వెళ్ళి తెచ్చి పోల్చాను. ఏటిది గరుకు, ఇది వేళ్ళ మధ్య పిండిలా జారింది. పెచ్చుల్లో నత్తగుల్లలు, మొలకెత్తి చీకట్లోనే పాలిపోయి ఎండిన వరిగింజలు కొన్ని ఉన్నాయి. వరి మన కాలువల కిందా పండుతుంది కనుక దాన్ని రుజువుగా తీసుకోలేదు. తుప్పు తిన్న బోల్టులు, పచ్చబారిన తీగల ముడులు కూడా విడివిడిగా చూస్తే దేన్నీ నిరూపించవు. తరువాత తాళం తిప్పి డ్యాష్ బోర్డు మీది హెచ్చరిక దీపాలు చూశాను. ఎయిర్ బ్యాగ్ గుర్తున్న దీపం ఇంజన్‌తో సంబంధం లేకుండా కొద్దిసేపటికి తనంతట తాను ఆరాలి. అది ఆరలేదు. ఇంజన్ వేయగానే, అప్పుడు ఆరవలసిన ఆయిల్ దీపంతోపాటు ఆరింది. మళ్ళీ మళ్ళీ చేసి చూశాను. ప్రతిసారీ రెండూ కలిసే ఆరాయి. ఎవరో ఆ రెండు దీపాలకూ ఒకే తీగ కలిపారు. అంటే ఎయిర్ బ్యాగ్ చచ్చిపోయిందని చెప్పవలసిన దీపానికి అబద్ధం నేర్పారు.

కుడి పక్క బెల్టును చివరిదాకా లాగాను. మనిషి ఛాతీ ఎత్తు వరకు మట్టిచార ఉంది. ఎడమ బెల్టుకు చార లేదు. దాని అడుగున కుట్టిన పట్టీ మీద తయారైన సంవత్సరం కారు కంటే చాలా తరువాతిది. పాత బెల్టు ముక్క బెత్తెడు మాత్రం అడుగున బోల్టుకు మిగిలిపోయింది. దాని కొసలో పీచు లేదు. పదునైనదేదో పెట్టి కోసిన కొస అది. వసారాలో రెండు సీట్లు కొత్త గుడ్డ కట్టుకుని పెళ్ళిపీటల మీది జంటలా కూర్చుని ఉన్నాయి. వాటివైపు చూడలేకపోయాను.

తలుపు అంచున సగం చిరిగిన స్టిక్కరు మీద కోస్తాలోని ఒక టైర్ల దుకాణం నంబరు ఉంది. ఫోన్ చేశాను. దుకాణదారు మర్యాదస్తుడు, ఎర్ర కారు కాలువలో పడిందని, మర్నాడు క్రేను పెట్టి తీశారని విన్నానే గానీ చూడలేదన్నాడు. వినికిడిని వినికిడి అని చెప్పినందుకు అతని మీద నాకు గౌరవం కలిగింది. మొదటి యజమాని నంబరు ఇచ్చాడు. అందరూ వినాలని ఫోన్‌ను స్పీకరులో పెట్టి వసారాలో చేశాను. అవతల పెద్దవయసు గొంతు. ఫలానా కారు గురించి అని నేను మొదలుపెట్టగానే, "అది ఇంకా తిరుగుతోందాండీ?" అన్నాడాయన. తిరుగుతోందన్నాను. "ఎడం పక్కన ఎవరూ కూచోవట్లేదు కదండీ?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోగా ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మేనల్లుడు ముందు నన్నే తప్పుపట్టాడు. "ఎవురో ముసలాయన ఏందో అన్న్యాడని బండి పారేస్తారా మామా? బెల్టు కొత్తదే కదా, ఇంగా మంచిది." అతని గొంతులో ధైర్యం లేదు. చేతులు కొత్త గుడ్డను ఊరికే సవరిస్తున్నాయి. మేనకోడలు సంచీ తెచ్చి గుమ్మంలో పెట్టింది. "నేను బస్సుకు పోతా. నువ్వూ నాతో రా అన్నా. నన్ను దింపి, తిరిగొచ్చి ఈ బండెక్కుతావేమో అని నేనాడ కూచోని ఏడ్సలేను." అతను చెల్లెలి ముఖంలోకి చూశాడు, తరువాత కోసిన బెల్టు ముక్కవైపు చూశాడు. ఆదివారం ఇద్దరూ బస్సులో రాయచోటికి పోయారు.

అమ్మితే మరొకరి ఇంటికి పోతుంది. అందుకని ముక్కలు చేస్తానని మాట ఇచ్చిన ఒక పాత ఇనుము వ్యాపారికి మేనల్లుడు కారు అప్పగించాడు. సీట్లు బిగించి పంపుతుంటే గుడ్డ విప్పుకోమని బావతో అన్నాను, గుడ్డకు ఏ దోషమూ అంటదని కూడా అన్నాను. "దోషం అని నేనన్లే. దాని మీద కూచోవాల్సింది నా బిడ్డ," అన్నాడు బావ. "ఇంట్లో ఉంటే దినామూ కండ్లబడ్తాది. దాంతోనే పోనీ." ఆయన తీరు నాకు హేతువుకు అందలేదు. కానీ ఆయన ఆ రోజు గుడ్డ విప్పుకుని ఉంటే, పత్తికొండలో నేను ఆ నీలం కారును దాటుకుని పోయేవాణ్ణి.

పత్తికొండ మార్కెట్ ముందు కొంతసేపటికి ఆ నీలం కారు యజమాని వచ్చాడు. టమోటా వ్యాపారి, మంచి కుర్రవాడు, టీ గ్లాసుతో వచ్చాడు. వెనకాల భార్య. "ఏం సార్, బండి చూస్తాండారా? సినిమా ఆయనదంట ఇది. శానా దుడ్లు పెట్టి కొనింటి," అన్నాడు. నాకు తెలిసినదంతా వరసగా చెప్పాను. కాలువ సంగతి వినికిడి అని కూడా చెప్పాను. అబద్ధం ఒక్కటి కలిపి భయపెట్టి ఉంటే బాగుండేదేమో, నాకు చేతకాలేదు. "బండిని చూసి ఓర్వలేక శానా మంది శానా చెప్తారు సార్," అన్నాడు, కోపం లేకుండానే. దీపం చూపిస్తానని, తాళం తిప్పమన్నాను. రెండు దీపాలు వెలిగాయి. ఎంతసేపు చూసినా ఆరలేదు. ఇంజన్ వేశాడు. రెండూ కలిసి ఆరాయి.

"చూసినావా అప్పా?"

"చూస్తి సార్. రెండూ ఆరిపాయ కదా. అంటే బండి బాగుండాదనే కదా?"

భార్య నావైపు ఒకసారి చూసింది. తరువాత ఎడమ పక్క కూర్చుని, పోగులు తప్పిన అంచుకు భుజం ఆనించి, బెల్టు పెట్టుకుంది. ఆలూరు దారిలో దుమ్ము లేచి చాలాసేపు నిలిచింది.

మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఆ బెల్టు కోసింది బతికున్న మనిషిని లాగడానికా, కాదా? బతికున్నవాళ్ళకోసమూ బెల్టు కోస్తారు; కాబట్టి కోసిన కొస దేన్నీ చెప్పదు. చెప్పగలిగినాయన ఒక్కడే, నంబరు నా దగ్గరే ఉంది. ఎత్తడేమోనని కాదు, ఎత్తితే ఆయన మొదట ఎడమ పక్క సీటు గురించే అడుగుతాడని తెలుసు గనుక ఫోన్ చేయలేదు. ఆనాడు ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. మా సీమలో వానలు పడటానికి ఇంకా నెలలు ఉన్నాయి. అంతవరకు ఆ కారు పొడిగానే ఉంటుంది.