హెల్మెట్టాయన మెచ్చిన బండి

నా కొంప నేనే ముంచుకున్న వైనం చెప్తాను, వినండి. అదీ మామూలుగా కాదు. ఏసీ గదిలో, మైకు ముందు నిలబడి, మంచినీళ్ళు తాగి గొంతు సవరించుకుని మరీ ముంచుకున్నాను. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, పర్లేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

నేను మద్రాసు కోడంబాక్కంలో డబ్బింగ్ ఆర్టిస్టుని. రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాను. పెద్దపెద్ద హీరోలకి గొంతిచ్చాననుకునేరు. విలన్ పక్కన నిలబడి, "అన్నా, వాడు తప్పించుకున్నాడన్నా!" అని అరిచేవాడు ఉంటాడు చూడండి, ఆ అరుపు నాది. మనిషిని చూస్తే ఫ్యాను గాలికి ఎగిరిపోయేలా ఉంటాను గానీ, మైకు ముందు నిలబడితే మాత్రం గొంతు పాతాళంలోంచి వస్తుంది. ఆ గొంతు మా మావగారి ముందు మాత్రం చచ్చినా రాదు. ఆయన కనపడగానే నాలోని సింహం ఎటో పోయి, పిల్లికూన ఒకటి మిగుల్తుంది.

మావగారి పేరు మునిరత్నం. పెరంబూరులో రైలుపెట్టెలు చేసే కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ళ తాతలనాడే మద్రాసు వచ్చేసిన కుటుంబం. ఆరడుగుల మనిషి, గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు. పెళ్ళయిన కొత్తలో మేముండేది వాళ్ళింట్లోనే, పై వాటాలో. ఆ ఇంట్లోకి మిక్సీ రావాలన్నా, చీపురు రావాలన్నా ఆయన సరే అనాల్సిందే.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు క్రూయిజర్ బైకు పిచ్చి పట్టింది. కొత్త మోడల్. పొడుగ్గా, నేలబారుగా, నున్నటి పెట్రోలు ట్యాంకుతో, స్టార్ట్ చేస్తే కడుపులో తబలా వాయించినట్టుండే బండి. పోస్టర్లో చూసి మనసు పారేసుకున్నాను. దానిమీద కోడంబాక్కం వంతెన దిగుతుంటే స్టూడియోల ముందున్నవాళ్ళంతా టీ గ్లాసులు పట్టుకుని నోళ్ళు తెరుస్తారని కలలు కన్నాను. కలల్లో నేను కూడా ఆరడుగులే ఉండేవాణ్ణి.

ఒకరోజు ధైర్యం చేసి మావగారి దగ్గర కదిపాను.

"ఎంతంట?" అన్నారాయన, ఇడ్లీ తుంచుతూ.

"మూడున్నర లక్షలండి. అంటే... ఆన్‌రోడ్డు."

"దాంట్లో పడుకోవచ్చునా?"

"లేదండి, కూర్చోవడమే."

"వానొస్తే తడవకుండా ఉంటామా?"

"తడుస్తామండి. కానీ బ్లూటూత్ ఉంది. ఫోనుకి కలిపితే మీటర్లోనే దారి చూపిస్తుంది."

ఆయన ఇడ్లీ ప్లేట్లో పెట్టేసి నా వంక జాలిగా చూశారు. "పెరంబూరు నుంచి కోడంబాక్కానికి దారి తెలీదా నీకు? ఇన్నాళ్ళూ ఎట్ల పోయి వస్తా ఉండావు?"

వంటింట్లోంచి మా ఆవిడ కస్తూరి కిసుక్కున నవ్వింది. నేను ఏబీఎస్సు బ్రేకుల గురించీ, ఎల్‌ఈడీ లైటు గురించీ పిల్లికూన గొంతుతో ఏదో చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపేశారు.

"సరి సరి. హెల్మెట్టాయన ఏం చెప్తాడో చూద్దాం. ఆయన బాగుండాదంటే బండి ఈడికొస్తాది. లేదంటే లేదు."

హెల్మెట్టాయనెవరో మీకు చెప్పాలి. ఫోన్లో బళ్ళ గురించి వీడియోలు పెట్టే ఒక తమిళ కుర్రాడు. ఏ బండి వచ్చినా తోలి చూసి, ఇచ్చిన డబ్బుకి తగునా తగదా అని తీర్పు చెప్తాడు. ఎందుకో తెలీదు గానీ హెల్మెట్ మాత్రం తియ్యడు. ఆ వీడియోలనే తెలుగులోకి కూడా మార్చి పెడుతుంటారు. తమిళ ఊళ్ళో పుట్టి పెరిగిన మా మావగారికి ఫోన్లోంచి తెలుగు వినపడితే చాలు, ప్రాణం లేచొస్తుంది. రోజూ భోజనం చేశాక అవి పెట్టుకుని, "ఏం గొంతబ్బా! అబద్ధం చెప్పే గొంతు కాదది" అని మురిసిపోయేవారు.

ఆ గొంతు నాది.

ఇంట్లో ఎందుకు చెప్పలేదంటారా? గొప్పల కోసమండీ. పెళ్ళిచూపుల్లో "సినిమాలు తప్ప ఇంకేమీ ముట్టుకోను" అని కోతలు కోశాను. ఫోన్ వీడియోలకి చెప్తున్నానంటే పరువేం కావాలి? అందుకని నోరు మూసుకుని, నన్ను నా ఎదురుగానే మావగారు పొగుడుతుంటే లోపల పొంగిపోతూ, పైకి మజ్జిగ తాగుతూ కూర్చునేవాణ్ణి.

మావగారు ఆ మాట అన్న వారంలోనే నా క్రూయిజర్ వీడియో డబ్బింగ్‌కి వచ్చింది. దేవుడున్నాడనుకున్నాను. తమిళంలో చివరిదాకా విన్నాక, ఉన్నాడు గానీ నా పక్షాన లేడని అర్థమైంది. ఎందుకంటే హెల్మెట్టాయన దాన్ని ఉతికి ఆరేశాడు. చూడ్డానికి రాజాలా ఉందన్నాడు, అంతవరకే మంచి. ట్రాఫిక్‌లో ఆగితే ఇంజన్ వేడికి కాళ్ళు మాడతాయట. వేగం పెరిగితే అద్దాలు వణుకుతాయట. వెనక సీటు పేరుకేనట, అది మనుషుల కోసం కాదట. ఈ ఫీచర్లకి ఇంత ధర తగదు, ఇందులో సగానికి వచ్చే బండే హాయి అని చేతులు దులుపుకున్నాడు.

నా చేతిలో దానికి తెలుగులో రాసిచ్చిన కాగితాలు. గాజు అద్దం అవతల ఇంజనీరు సెల్వం. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. మాట మొదలైన చోట మొదలై, ఆగిన చోట ఆగిందా లేదా అన్నదే అతని లెక్క. మామూలుగా అయితే పెదాలు అడ్డొస్తాయి. తెరమీద మనిషి నోరు మూస్తే మనమూ మూసుకోవాలి, వాడు నోరు తెరిచే తీరుకి సరిపడే మాటే వెయ్యాలి. కానీ మనవాడు హెల్మెట్‌లో ఉన్నాడు! పెదాలే కనపడవు! ఇరవై నాలుగు గంటలూ పెదాలకి బానిసగా బతికే డబ్బింగ్‌వాడికి ఇంతటి స్వేచ్ఛ దొరికితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

కాగితాలు పక్కన పెట్టేశాను. గుండెల నిండా గాలి పీల్చాను.

"మిత్రులారా," అన్నాను పాతాళంలోంచి, "ఈ బండికి మూడున్నర లక్షలు ఎక్కువా? కాదు. ఇది దాదాపు దానమే!"

అక్కడితో ఆగితే బాగుండేది. మావగారికి కార్ఖానా రోజుల నుంచీ నడుంనొప్పి, ఆ దారిన నరుక్కొద్దామనుకున్నాను. "ముఖ్యంగా, జీవితమంతా ఇనుముతో కుస్తీపట్టి, ఇంటిల్లిపాదినీ ఒడ్డుకు చేర్చిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే, ఆయన నడుముకి ఈ సీటే మందు. ఇలాంటి బండి ఇంటిముందుంటే ఆ ఇంటి పెద్దకే గౌరవం!" అని దంచేశాను. అల్లుడు కొనుక్కుంటే మామకి గౌరవమని నా ఉద్దేశం. ఆ అల్లుడు అన్న ముక్క చెప్పడం మర్చిపోయాను.

"సార్, ఓకేవా?" అన్నాడు సెల్వం.

"డబల్ ఓకే!" అన్నాను.

వీడియో వచ్చిన రోజు మధ్యాహ్నం మావగారు వాలుకుర్చీలో కూర్చుని చూస్తున్నారు. నేను తలుపు చాటున నక్కాను. "నడుముకి మందు" దగ్గర ఆయన చెయ్యి మెల్లిగా నడుం మీదికి పోయింది. "ఇంటి పెద్దకే గౌరవం" దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ మొదట్నుంచీ పెట్టారు. ఆపైన కేకేశారు.

"అల్లుడా! చొక్కా వేసుకో. పోదాం పా షోరూముకి."

నా ఆనందం ఏం చెప్పను! మెట్లు దిగానో, దొర్లానో గుర్తులేదు.

షోరూములో నా ప్రాణం నిలబడి ఉంది, నల్లగా నిగనిగలాడుతూ. ఎగిరి కూర్చున్నాను. చేతులు హ్యాండిల్‌కి అందితే, ముందుకెక్కడో ఉన్న ఫుట్‌రెస్టులకి కాళ్ళు అందలేదు. కాళ్ళు అందేలా జారితే చేతులు జారిపోయాయి. బట్టలు ఆరేసే తీగ మీద చొక్కాలా అయ్యాను. పరువు నిలబెట్టుకుందామని స్టాండు తీశాను. బండి గంభీరంగా ఎడమవైపు ఒరగడం మొదలుపెట్టింది. నేనూ దానితోపాటే ఒరిగాను. సేల్స్‌మన్ పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ పట్టుకున్నాడు, ముందు బండిని.

"దిగు నాయనా," అన్నారు మావగారు. "నేను చూస్తా."

ఆయన పంచె సర్ది కూర్చున్నారు. చేతులు అందాయి. కాళ్ళు అందాయి. ఆ బండిని ఆయన కొలతలు తీసుకునే చేసినట్టుంది. అద్దంలో తనని తాను చూసుకుని సిగ్గుపడ్డారండీ, అంత పెద్ద మనిషి! జీవితమంతా సైకిలూ ఎలక్ట్రిక్ రైలూ తప్ప ఎరగని మనిషి. నిజం చెప్తున్నాను, ముచ్చటేసింది. ఆయన నోరు తెరిచేదాకానే లెండి.

"రొంబ బాగుండాది. నా పేరు మీదే రాసేయండప్పా."

నా గుండె జారి షోరూము నేల మీద పడింది.

"మావయ్యగారూ! ఇది... కాళ్ళు మాడతాయంటండీ!"

"ఎవురు చెప్పినారు?"

"అద్దాలు వణుకుతాయంట! ధరకి తగ్గ బండి కాదంట!"

"హెల్మెట్టాయన చెప్పలేదే? ఆయనకి తెలీనిది నీకు తెలుసునా?"

ఇక దాచి లాభం లేదనిపించింది. పరువు పోతే పోనీ, బండి ఆయన పేరు మీదికి పోకూడదు. ఊపిరి బలంగా పీల్చి, షోరూము అద్దాలు అదిరేలా పాతాళంలోంచి గొంతు తీశాను. "మిత్రులారా! ఈ బండి కొనకండి! ఆ హెల్మెట్ గొంతు నాదే!"

అందరూ వెనక్కి తిరిగారు. మావగారు నన్ను నిదానంగా పైనుంచి కిందిదాకా చూశారు. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు కాబట్టి త్వరగానే అయిపోయింది.

"ఏంది, ఆయన మాదిరి మాట్లాడి ఎగతాళి చేస్తా ఉండావా? ఆయన గొంతు యాడ, నీ గొంతు యాడ! వయసులో పెద్దోళ్ళని ఇట్ల ఆట పట్టించకూడదు."

బండి ఆయన పేరునే వచ్చింది. ఇంటికెళ్ళి కస్తూరితో మొత్తుకుంటే, ఆవిడ పళ్ళెంలో హారతి సిద్ధం చేస్తూ, "మీ గొంతని నాకు మొదటి రోజే తెలుసు. నాయన దానిమీద ఎంత బాగుంటాడో అని నోరు మూసుకున్నా," అంది.

రెండు నెలల్లో మావగారు బండి నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నారు. అప్పట్నుంచీ ఆయన తోలుతారు, నేను వెనక కూర్చుంటాను. వెనక సీటు మనుషుల కోసం కాదన్న మాట అక్షరాలా నిజమని నా నడుం సాక్ష్యం చెప్తుంది. కాళ్ళు మాడేదీ నిజమే. అయినా మావగారికి అదేమీ పట్టలేదు. ఆ డబ్బుకి ఇదే సరైన బండని వీధంతా చెప్తారు.

ఒక ఆదివారం నన్ను పిలిచి ఫోన్ చేతికిచ్చారు. "నాకు తెలుగు రాయను రాదు గదా. ఆ హెల్మెట్టాయనకి నాలుగు మంచి మాటలు చెప్పల్ల. నేను చెప్తా, నువ్వు రాయి."

"చెప్పండి."

"అయ్యా, నీ మాట నమ్మి బండి తీసుకున్నా. నడుంనొప్పి పోయింది. నువ్వు చల్లగా ఉండల్ల."

నా కళ్ళు చెమర్చాయి. రాశాను.

"మాకూ ఒక అల్లుడుండాడు. మంచోడే గానీ, వానికి ఏమీ తెలీదు. నీ మాదిరి మనిషి మా ఇంటికి అల్లుడై వచ్చుంటే ఎంత బాగుండును!"

అక్షరం పొల్లు పోకుండా అదీ టైపు చేశాను.

"రాసినావా?"

"రాశానండి," అంది పిల్లికూన.

అందుచేత, ఈ సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కాగితం మీద ఏది రాసుంటే అదే చదువుతాను. ఏ బండి ధరకీ నా గొంతు పూచీ పెట్టను. ఒకవేళ బుద్ధి గడ్డితిని మళ్ళీ పెట్టాల్సి వస్తే, ముందు ఆ బండిమీద నా కాళ్ళూ చేతులూ అందుతాయో లేదో చూసుకునే పెడతాను.