మంచు ఎప్పుడు తొలగుతుంది

యూనివర్సిటీలో నా పరిశోధన అంతా ఒకే ఒక్క కొండ ఊరి మీద. ఊరు చిన్నది, వాతావరణాలు రెండు. శిఖరానికి తూర్పున ఎండ కాస్తుంటే, పడమట లోయలోంచి లేచిన పొగమంచు కదలకుండా కూర్చుంటుంది. మూడేళ్లు దాని వెంట తిరిగాను. క్యాంపస్ టీ బండి దగ్గర నన్ను మంచు డాక్టరని ఏడిపించేవాళ్లు. నాకూ లోలోపల గర్వంగానే ఉండేది.

అప్పట్లో తార్నాకలో మా అక్కా బావల దగ్గరే ఉండేవాణ్ని. నన్ను చదివించింది అక్కే. రోడ్డు దుమ్ముకి ఆమెకు ఆయాసం ముదిరింది. డాక్టరు పది రోజులు గాలి మార్చమన్నాడు. నేను అక్కకు అరచేతిలో వైకుంఠం చూపించి, ఆ ఊళ్లో పడమటి వైపు లాడ్జిలో గది తీశాను. మంచున్న చోట దుమ్ము లేవదు కదా అనుకున్నాను. చల్లటి తడి గాలి ఆమెకు పడదని నా బుర్రకు తట్టలేదు. ఇద్దరినీ బస్సెక్కించి, పరీక్ష పేపర్లు దిద్దాలని నేను ఆగిపోయాను.

రోజూ ఫోన్ చేసి ఎలా ఉందని అడిగేవాణ్ని.

"సల్లగున్నది తమ్మీ" అనేది.

మా వైపు సల్లగ అంటే హాయి. సల్లగుండు అంటే దీవెన. మే నెల తార్నాకలో ఉడికిపోతున్న నాకు ఇంకో అర్థం ఎలా తోస్తుంది? ఆమె చెప్పింది చలి సంగతి. రెండు దుప్పట్లు కప్పుకొని చెప్పింది.

నాలుగో రోజు పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. అక్కకు ఊపిరి అందడం లేదు. ఆసుపత్రి కొండ కింద ఉంది. ఘాట్ రోడ్డు కనబడక డ్రైవరు బండి తియ్యనంటున్నాడు.

"మంచు ఎప్పుడు పోతదిరా? నీకైతే ఎరుకుంటది గదా."

క్యాంపస్‌లో చెట్టు కింద నిలబడి, నా లెక్కల్లోని సగటు చెప్పాను. పదింటికి. వాళ్లు కాచుకున్నారు. పది దాటింది, పదకొండు దాటింది. ఫోన్లో అక్క ఊపిరి రంపం కోతలా వినబడుతోంది. అంత చదువూ ఉండి గుప్పెడు మంచును పక్కకు జరపలేకపోయాను. శిఖరం దాటితే ఎండేనని, అటువైపు రోడ్డు తేటగా ఉంటుందని పన్నెండింటికి గానీ గుర్తు రాలేదు. చెప్పగానే బావా, లాడ్జి వాళ్లూ అక్కను కుర్చీలో మోసుకుపోయారు. అరగంట నడక, అటువైపు ఆసుపత్రికి బండి దొరికింది.

అక్క బతికింది. రెండు మూడు మాటలకోసారి మాత్రం ఊపిరి కోసం ఆగిపోతుంది. చూడవచ్చిన అంబర్‌పేట్ చుట్టాలకు అదే ఆయాసంతో చెబుతుంది.

"మా తమ్ముడు... ఈడికెల్లి తొవ్వ చెప్పవట్టి... బతికిన."

ఆ గది తీసింది నేనేనని, పన్నెండింటి దాకా ఆపింది కూడా నేనేనని చెప్పడానికి ప్రతిసారీ నోరు తెరుస్తాను. అక్క నా వైపు గర్వంగా చూస్తుంది. నోరు మూసుకుంటాను.