కుక్క మీద సాక్ష్యం

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుకు సెలవు పెట్టి, ముందు గదిలో సైకిల్ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. తెల్లారితే ఆరు వందల కిలోమీటర్ల రైడు. నలభై గంటల్లో తిరిగి సికింద్రాబాద్ చేరాలి. రెండు వందలు, మూడు వందలు, నాలుగు వందల కిలోమీటర్ల రైడ్లు ఈ ఏడాది అయిపోయాయి. ఇదీ అదే ఏడాదిలో అయితేనే నాలుగూ కలిపి పతకం వస్తుంది. పోయినేడు దీని దగ్గరే ఆగిపోయాను, నాలుగు వందల కిలోమీటర్లు తొక్కాక రోడ్డు పక్క గుంతలో పడి.

సీటు కింద కట్టే సంచి చాలా చిన్నది. రెండు ట్యూబులు, గాలి పంపు, పంక్చర్ సామాను, లైట్లకు విడి బ్యాటరీలు, ఓఆర్ఎస్ పొట్లాలు. సర్దడం, తీయడం, మళ్ళీ సర్దడం. అమ్మ మాత్రం స్థిమితంగా ఒక పొట్టి కర్రను పాత చీర పేలికలతో సైకిల్ ఫ్రేముకు కడుతోంది.

"బరువమ్మా. తీసెయ్."

"కుక్కలొస్తే చేతులతోని కొడతవా?"

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. పోయినేడు నేను పడింది నిద్రలో. తొక్కుతూ తొక్కుతూనే నిద్రపోయాను. ఇంటికొచ్చి కుక్క అడ్డం వచ్చిందన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, నాది మరీ బాగా అతికింది. మా క్రైస్తవ ఇళ్ళలో ప్రాణం దక్కితే చర్చిలో సాక్ష్యం చెప్పించకుండా ఊరుకోరు. ఆ ఆదివారమే అమ్మ నన్ను మల్కాజ్‌గిరి నుంచి బోయిగూడలోని మా చర్చికి తీసుకెళ్ళింది. కట్టు కట్టిన చేత్తో మైకు ముందు నిలబడి, కుక్క బారి నుంచి దేవుడు నన్నెలా కాపాడాడో చెప్పాను. కుక్క నల్లదని కూడా చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆ తర్వాత అమ్మ సాయంకాల ప్రార్థనలో వీధికుక్కలకూ చోటు దొరికింది. దేవుడి ముందు అంత మాట అన్నాక, ఇంట్లో కాదనడానికి నోరెలా వస్తుంది?

నిజం చెబితే పోనివ్వదు. చెప్పకపోతే ఆ కర్ర నిద్రను ఆపదు. ఈసారీ దారిలో ఎక్కడా పడుకోకుండా తొక్కితేనే సమయానికి చేరతానని నా లెక్క.

అమ్మ చివరి ముడిని పళ్ళతో బిగించింది. అరవై ఏడేళ్ళ మనిషి. నాకు సిగ్గేసింది.

"అమ్మా, కుక్క రాలేదు. నిద్రపోయిన."

ఆమె చేతులు ఆగిపోయాయి. చర్చి సంగతి ఎత్తి దులిపేస్తుందనుకున్నాను. ఎత్తలేదు.

"ఎంతసేపు నిద్రపోయినవ్?"

"తెల్వదు. లేచేసరికి గుంతల ఉన్న."

"ఆ రోడ్డు మీద లారీలు పోతుంటయా?"

"పోతుంటయ్."

అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. అక్కడి నుంచే అడిగింది.

"ఈసారి నిద్రొస్తే దిగి పడుకుంటవా? టైం పోతే పోనీ. నిజం చెప్పు."

పడుకుంటానని వెంటనే అనేయాల్సింది. కానీ అంత దూరం వచ్చాక, ఇంకో గంట ఆగితే పరువు పోతుందన్నప్పుడు నేను దిగుతానా? నా సంగతి నాకు తెలియదా? అమ్మ నా మొహమే చూస్తోంది. బయట కూరగాయల బండి మైకులో అరుచుకుంటూ మా గేటు దాటింది, సందు చివరికి వెళ్ళింది, వినపడకుండా పోయింది.

దిగి పడుకుంటానని ఇంకో అబద్ధం ఆడలేక, ఏడుస్తూ ఫోన్ తీసి, రేపు రావడం లేదని నిర్వాహకులకు రాశాను. అమ్మ వద్దనలేదు.