సాంబయ్య గుండె తీగ

1983లో హన్మకొండలోని ఒక నర్సింగ్‌హోంలో నేను ఈసీజీ టెక్నీషియన్‌ని. గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీతలుగా తీయడం నా పని. పుట్టి పెరిగింది మాత్రం బట్టల దుకాణంలో. చీరను రెండు చేతులా లాగి చూడకుండా బీరువాలో పెట్టని వంశం మాది. ఆ తెలివంతా ఇంట్లో వదిలి డ్యూటీకి వస్తున్నానని సాంబయ్య వల్ల తెలిసింది.

సాంబయ్య కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. రెండేళ్ళ కిందట హైదరాబాదులో ఎడమ భుజం కింద, గుండెను కొట్టించే పేస్‌మేకర్ పెట్టె పెట్టించుకున్నాడు. ఆ పెట్టె నుంచి గుండెలోకి వెళ్ళే సన్నటి తీగను లీడ్ అంటారు. మగ్గం దగ్గర కళ్ళు తిరిగి పడిపోతున్నాడని భార్య లచ్చమ్మ తీసుకొచ్చింది. పడుకోబెట్టి మూడుసార్లు ఈసీజీ తీశాను. గీతలు ముచ్చటగా వచ్చాయి.

"పెట్టె మంచిగుందమ్మా, ఫికర్ చేయకు" అన్నాను, నేనే తయారు చేసినట్టు.

"ఈడ పండుకుంటే మంచిగనే ఉంటాండు సారూ. మగ్గం కాడనే పడిపోతాండు. మగ్గం పట్టుకరమ్మంటరా?"

"మగ్గమొద్దు, పంజా చాలు" అని బేరం తగ్గించాను, వదిలించుకోవడానికి.

మర్నాడు నిజంగానే తెచ్చింది. నేతలో పోగులను కొట్టి బిగించే ఇనుప దువ్వెన అది. డాక్టరుగారిని పక్కన నిలబెట్టుకుని, సాంబయ్యను కూర్చోబెట్టి, ఈసీజీ తగిలించి, గాలిలో నేయమన్నాను. పంజాను ఎడమచేత్తో అందుకున్నాడు.

"ఎడమచేతి వాటమా? హైదరాబాదుల చెప్పలేదా?"

"ఎవ్వలడగలే సారూ."

నాలుగు దెబ్బలు కొట్టాక చెయ్యి ఎత్తి ఉంచమన్నాను. పేస్‌మేకర్ గీతలు పడుతున్నాయి గానీ వాటి వెనక గుండె కొట్టుకోవడం లేదు. సాంబయ్య కళ్ళు తేలేశాడు. డాక్టరుగారు చెయ్యి దించి పడుకోబెట్టగానే గుండె మళ్ళీ అందుకుంది. చెమట మాత్రం నాకే ఎక్కువ పట్టింది. ఎక్స్‌రేలో ఎడమ కాలర్‌బోన్ కింద, రోజూ పంజా కొట్టే చేతి కదలికకు నలిగి, లీడ్ తెగి కనిపించింది. పడుకుంటే కొసలు తగులుకుంటున్నాయి, చెయ్యి లేపితే విడిపోతున్నాయి.

కొత్త లీడ్ అనగానే సాంబయ్య మొండికేశాడు. "దినాం యాభై పోగులు తెగుతయ్, ముడేసుకుంటం. గీ ఒక్క తీగకు మల్ల కోతనా?"

"గుండెల ముడి ఆగదు సాంబన్నా."

"కొత్తదెన్నేండ్లు ఆగుతది?"

"పదేండ్లు."

"ఇరవై అనుండ్రి, వస్త."

"పదిహేను!" అన్నాను. ఎన్నేళ్ళు ఆగుతుందో నాకేం తెలుసు? నోరు ఊరుకోదు.

లచ్చమ్మ మధ్యలో దూరింది. "మీరిద్దరు బేరమాడుకుంట కూసోండ్రి, గాలోపు మనిషే పోతడు! సారూ, ఈసారి కుడిపక్క పెట్టమని చీటీ రాసియ్యుండ్రి."

హైదరాబాదులో కుడిపక్కే పెట్టారు. సాంబయ్య మళ్ళీ మగ్గం ముందు కూచున్నాడు.

లీడ్ ఎన్నేళ్ళు ఆగుతుందో కంపెనీ కాగితం సగమే చెబుతుంది. మిగతా సగం ఆ మనిషి చేసే పని చెబుతుంది. ఆ తర్వాత పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఎవరొచ్చినా, బల్ల ఎక్కించక ముందే "ఏ చేత్తో పని చేస్తవు?" అని అడిగేవాణ్ణి. జాతకం చెబుతాననుకుని చాలామంది అరచెయ్యి చాపేవారు.