వీధి గోడ మీద బొంత

మా పాప ఏడో తరగతికి వచ్చినా పక్క తడపడం మానలేదు. తెల్లవారి లేచి చూస్తే చాలా రోజులు బొంత తడిసే ఉండేది. బెళుగుప్ప దగ్గర మా ఊళ్లో కొళాయి ఎప్పుడొస్తుందో తెలియదు. ఎండాకాలమైతే ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని కాచుకోవాలి. వంటకని దాచుకున్న నీళ్లు బొంత ఉతకడానికి పోయాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

నేను అంగన్‌వాడీ టీచరును. పిల్లల్ని కొట్టకండి, నలుగురిలో చులకన చేయకండి అని తల్లులను కూర్చోబెట్టి చెప్పేదాన్ని. ఇంటికొస్తే ఆ మాటలేవీ గుర్తుండేవి కావు.

ఒకరోజు పొద్దున పాప తడిసిన బొంతను శెనక్కాయల మూటల వెనక దాచింది. వాసన పట్టి బయటికి లాగాను. రోజూ పెరట్లో ఆరేసేదాన్ని, ఆ రోజు నేరుగా తీసుకెళ్లి వీధి గోడ మీద వేశాను.

"అమ్మా, ఈడొద్దమ్మా. నేనే ఉతుకుతా, వెనకపక్క వేస్తా" అని నా చీర కొంగు పట్టుకుంది.

"అందరూ చూడనీ. అప్పుడన్నా సిగ్గొస్తాది నీకు."

మా ఆయన ఆటో తీయబోయే ముందు అరుగు మీద కూర్చుని సంగటి తింటున్నాడు. ఒకసారి తలెత్తి గోడ వైపు చూసి, మళ్లీ పళ్లెంలోకి చూసుకున్నాడు. అంతలో బడికి పోతున్న పిల్లల్లో ఒకమ్మాయి ఆగి అడిగింది: "ఏమక్కా, మీ ఇంట్లో పసిబిడ్డ ఉండాదా?"

ఆ పిల్ల ఎగతాళికి అడగలేదు, తెలియక అడిగింది. తలుపు వెనక నిలబడిన మా పాప ఆ మాట విన్నది. ఆ రోజు పెరటి దోవన, చుట్టు తిరిగి బడికి పోయింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. "బడి నుంచి వచ్చినాక ఒక్క గుక్క నీళ్లు తాగినా ఊరుకోను" అని కట్టడి చేశాను. కొన్నాళ్లకు పాప బడికి తీసుకెళ్లిన నీళ్ల సీసా కూడా నిండుగానే తిరిగి రావడం మొదలైంది. అది చూసి, ఇప్పటికి మాట వింటోందిలే అని సంతోషపడ్డాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఒక మధ్యాహ్నం బడి నుంచి ఫోను వచ్చింది. ఆటల పీరియడ్‌లో పాప కళ్లు తిరిగి పడిపోయిందట. ఒళ్లు కాలిపోతోంది, ఉచ్చకు పోతే మంట అని ఏడుస్తోంది. మా ఆయన ఆటోలోనే అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ డాక్టరమ్మ పరీక్ష చేసి, నన్ను వదిలి పాపనే అడిగింది.

"నీళ్లు ఎందుకు తాగడం లేదమ్మా?"

పాప ముందు నా ముఖం చూసింది. "బడిలో బాత్రూముకు నీళ్లు రావు మేడం. తాగితే ఆడికి పోవాల. ఇంట్లో తాగితే అమ్మ..." అని ఆగిపోయింది.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. నీళ్లు తాగక ఉచ్చలో ఇన్‌ఫెక్షన్ వచ్చిందని చెప్పింది. దొడ్డికి సరిగా పోక పొట్టలో మలం గట్టిపడిందని, అది మూత్రాశయం మీద ఒత్తుతోందని, నీళ్లు ఆపేకొద్దీ ఆ ఇబ్బంది పెరుగుతుందని వివరించింది. పగలంతా బాగా తాగించమంది. "ఈ పిల్ల కావాలని చేయడం లేదు. నిద్రలో తనకు తెలియడమే లేదు. మీ ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు ఇలా ఉండేదా?"

లేదన్నాను. తలుపు దగ్గర నిలబడిన మా ఆయన ఒక అడుగు లోపలికి వేశాడు.

"నాకుండె మేడం. తొమ్మిదో తరగతి దాకా."

బయట వరండాలోకి వచ్చాక ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. "ఇన్నాళ్లూ చెప్పలేదేమి?"

"నవ్వుతావనుకొంటి. నువ్వు ఆ బొంత గోడ మీద ఏసిన పొద్దు చెప్దామనుకొంటి. మళ్లా ఆటో తీసుకొని పోతి" అన్నాడు. ఆయనను ఏమనగలను? నోరు తెరిచి పాపను గాయపరచింది నేనే కదా.

జ్వరం తగ్గి ఇంటికొచ్చాక పాప ఎదురుగా కూర్చుని, "తప్పు నాదే పాపా, నీదేం లేదు" అన్నాను. "సరేలేమ్మా" అని హోంవర్కు రాసుకుంటూ ఉండిపోయింది. అంతకంటే ఏం ఆశించానో నాకే తెలియదు.

మందులు, ఆకుకూరలు, వేళకు నీళ్లు. మెల్లగా తడిసే రోజులు తగ్గాయి. పరీక్షలప్పుడు మళ్లీ పక్క తడిసింది. ఈసారి పక్కబట్టలు నేనే తీసి, ఏమీ అనకుండా ఉతికాను. ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోగా పూర్తిగా ఆగిపోయింది. కానీ నేను ఎదురుగా ఉంటే నీళ్ల గ్లాసు ఎత్తే ముందు ఒక్క క్షణం నా వైపు చూసే అలవాటు మాత్రం పోలేదు.

ఒక ఆదివారం నేను గోరుచిక్కుళ్లు తుంచుతుంటే పాప వాళ్ల నాయనను తన నాయనమ్మ గురించి అడిగింది.

"నాయనా, నువ్వు పక్క తడిపినప్పుడు జేజి నిన్ను కొడ్తాండెనా?"

"లేదు పాపా. బొంత ఎండలో ఏసి, ఆరినాక మడిచిపెడ్తాండె. ఎవురితోనూ ఏమీ చెప్తా ఉండ్లేదు."

పాప "ఓహో" అంది, అంతే. నా వైపు చూడలేదు. చూస్తుందేమోనని నేను మాత్రం చేతిలోని కాయల మీంచి తల ఎత్తలేదు.